తపతీ తీరాన మాటల మండలి

సూరత్ నగరమనగానే మన ఇళ్ళలో మొదట తలపునకు వచ్చేవి చీరలు, ఆ తరువాత వజ్రాలు. మనం పండుగలకూ పబ్బాలకూ కొనే సింథటిక్ చీరలలో పెద్ద వాటా ఈ నగరపు మరమగ్గాల మీద నేసినదే. ప్రపంచంలో సానపట్టే వజ్రాలలో అత్యధిక భాగం ఇక్కడి కార్ఖానాలలోనే మెరుగు దిద్దుకుంటున్నది. ఈ రెండు సరుకులను గురించీ ఎందరో రాశారు. ఉద్యోగరీత్యా సూరత్‌లో కొంతకాలం నివసించే అవకాశం కలిగిన మేము, అనగా సంస్థలోని కంప్యూటర్ విభాగానికి చెందిన ఇద్దరు సహోద్యోగులము, ఈ వ్యాసంలో మూడవ సరుకును పాఠకులకు పరిచయం చేయదలచాము. ఆ సరుకు మాట. సెలవు రోజున నలుగురూ ఒకచోట చేరి, తమకు తెలిసిన విద్యను ప్రతిఫలం కోరకుండా పదిమందికీ చెప్పుకునే అలవాటు ఈ నగరంలో పాతదే, నేటికీ సజీవంగా ఉన్నదే.

నవజీవన్‌లో సూరత్‌కు

విజయవాడ, వరంగల్లు వైపు నుండి వచ్చేవారికి చెన్నై–అహ్మదాబాద్ నవజీవన్ ఎక్స్‌ప్రెస్ అనుకూలమైన బండి. రాత్రి గడిచి తెల్లవారిన పిమ్మట భుసావల్, జల్‌గావ్ ప్రాంతపు అరటి తోటలు కనిపిస్తాయి. అక్కడి నుండి బండి నందుర్‌బార్ మీదుగా తపతీ లోయ వెంట పడమరకు సాగుతుంది. ఉధనా సమీపిస్తున్న కొద్దీ పచ్చదనం తగ్గి, మగ్గాల షెడ్లు వరుసలు కడతాయి. పెట్టెలో మన చుట్టూ వినిపించే తెలుగు మాటలను బట్టి, ఈ ఊరికీ మన ప్రాంతానికీ గల బంధం స్టేషను రాకముందే తెలిసిపోతుంది. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల పద్మశాలి కుటుంబాలు తరాల తరబడి బ్రతుకుతెరువు కోసం సూరత్‌కు వలస వచ్చి, లింబాయత్, ఉధనా పరిసరాలలో స్థిరపడ్డాయి.

నగరంలో చూడదగిన స్థలాలకు కొదువ లేదు. తపతి ఒడ్డున పదహారవ శతాబ్దపు కోట ఉన్నది. పదిహేడవ శతాబ్దారంభంలో ఆంగ్లేయులు తమ వర్తక స్థావరాన్ని నెలకొల్పుకున్నది ఈ రేవులోనే. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది జనం ఖాళీ చేసి వెళ్ళిన ఈ నగరాన్ని, 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావు గారు పరిశుభ్రతకు మారుపేరుగా తీర్చిదిద్దారు. ఆ పునాది వృథా పోలేదు. 2023 సంవత్సరపు స్వచ్ఛ సర్వేక్షణ్‌లో సూరత్, ఇండోర్‌తో కలిసి దేశంలో ప్రథమ స్థానాన్ని పంచుకున్నది.

పాత సభలు

మహిధర్‌పురా వీధిలో వజ్రాల వ్యాపారులు స్కూటర్ల మీద కూర్చుని, కాగితపు పొట్లాలు విప్పి, లక్షల విలువ గల రాళ్ళను అరచేతిలో పరచి బేరమాడడం మేము కళ్ళారా చూశాము. అక్కడ మాటే పూచీకత్తు. ఇటువంటి ఊరిలో సభలు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

1844 జూన్ 22వ తేదీన, దుర్గారామ్ మెహతాజీ అనే బడిపంతులు, మరాఠీ వ్యాకరణకర్త దాదోబా పాండురంగ మొదలైనవారితో కలిసి, సూరత్‌లో మానవ ధర్మ సభను స్థాపించారు. ఆదివారం నాడు బహిరంగంగా సమావేశమై, మూఢవిశ్వాసాలను గురించి నిర్భయంగా చర్చించడం ఆ సభ విధానం. మంత్రాలు వేయగలమని చెప్పుకునేవారిని, నలుగురి ఎదుటా ఆ శక్తిని నిరూపించమని ఆహ్వానించేవారు. చెప్పిన మాటను అందరి ముందూ చేసి చూపించాలన్న నియమం ఆనాడే ఇక్కడ నాటుకున్నది.

సూరత్‌లోనే 1833లో జన్మించిన కవి నర్మద్, ఇరవై యేళ్ళైనా నిండకముందే, 1851లో ముంబైలో ఒక ప్రసంగం చేశాడు. ‘మండలిగా కూడడం వలన కలిగే లాభాలు’ అన్నది దాని విషయం. ఆధునిక గుజరాతీ వచనంలో మొదటి వ్యాసంగా సాహిత్య చరిత్రకారులు దానినే పేర్కొంటారు. ఒక భాషలో వ్యాసరచనకు నాంది పలికిన రచన సంఘంగా కూడడాన్ని గురించినది కావడం ఎంత ముచ్చట గొలిపే విషయమో పాఠకులు ఊహించగలరు! తరువాతి కాలంలో ఈయన ఒంటిచేత్తో గుజరాతీ నిఘంటువును కూర్చి 1873లో వెలువరించాడు. గోపీపురాలోని ఆమ్లీరాన్‌లో ఆయన నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచి ఉన్నది. సూరత్ వచ్చిన మనవారు తప్పక దర్శించవలసిన స్థలమది.

వాడేవారి బృందాలు

కంప్యూటర్ల చరిత్రలోనూ ఇటువంటి మండలులు ఆది నుండీ ఉన్నాయి. 1955లో అమెరికాలోని లాస్ ఏంజెలిస్ ప్రాంతంలో ఐ.బి.ఎం. 704 యంత్రాలు కొన్న సంస్థల ఉద్యోగులు ‘షేర్’ అనే బృందంగా ఏర్పడ్డారు. యంత్రం ఖరీదైనది, దానితో వచ్చే ప్రోగ్రాములు బహు స్వల్పం. ఒకరు రాసుకున్న ప్రోగ్రామునే పక్క సంస్థవారు మళ్ళీ మొదటి నుండి రాసుకోవడం దండుగ అని గ్రహించి, తమలో తాము పంచుకోవడం మొదలుపెట్టారు. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని ఒక ఇంటి కారు షెడ్డులో మొదలైన హోంబ్రూ కంప్యూటర్ క్లబ్బు సమావేశాలలోనే, మరుసటి ఏడు మొదటి యాపిల్ యంత్రం నలుగురి కంటా పడింది. మన దేశంలో 1965లో ఏర్పడిన కంప్యూటర్ సొసైటీ ఆఫ్ ఇండియా సైతం కంప్యూటర్లు వాడే కొద్దిమంది బృందంగానే ఆరంభమైనది. మన హైదరాబాదులో 2005 నుండి స్వేచ్ఛా సాఫ్ట్‌వేరును తెలుగులో వ్యాప్తి చేస్తున్న ‘స్వేచ్ఛ’ సంస్థ, 2018లో అక్కడ జరిగిన పైకాన్ ఇండియా మహాసభ కూడా ఈ కోవకు చెందినవే.

సూరత్‌లో వరాఛా, అడాజణ్, వేసు వంటి పేటలలో చిన్న చిన్న సాఫ్ట్‌వేర్ కార్యాలయాలు విరివిగా వెలిశాయి. 1961లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా ప్రారంభమై, తరువాత నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీగా మారిన విద్యాసంస్థ ఇక్కడ ఉన్నది. గూగుల్ డెవలపర్ గ్రూపుకు ఈ నగరంలో శాఖ కలదు. ఇవికాక, ఫలానా ప్రోగ్రామింగ్ భాషను వాడేవారమంటూ పదిమందో ఇరవైమందో కలిసి నడుపుకునే బృందాలు వేరు. ఒకరి కార్యాలయంలోనో, కళాశాల గదిలోనో, సెలవు రోజున కలుసుకుంటారు. ప్రవేశ రుసుము ఉండదు, వక్తకు పారితోషికమూ ఉండదు. ఒకరు అరగంటో ముప్పావుగంటో ప్రసంగిస్తారు. తరువాత అయిదేసి నిమిషాల చిన్న ప్రసంగాలకు ఎవరైనా లేచి నిలబడవచ్చును. ఆపైన తేనీరు, వేడివేడి లోచో.

లోచో అనగా శనగపప్పు పిండిని ఆవిరి మీద ఉడికించి, నూనె, మసాలా చల్లి ఇచ్చే సూరత్ ప్రత్యేక వంటకం. ఆకారం నిలవక విడివిడిగా ఉంటుంది గనుక ఆ పేరు. గుజరాతీలో లోచో అంటే చిక్కు, గందరగోళం అని కూడా అర్థం. ప్రోగ్రాములో తప్పు దొర్లినప్పుడు ఇక్కడి కుర్రవాళ్ళు ‘లోచో అయింది’ అని నవ్వుకుంటారు. కాశీలో మరణం, సూరత్‌లో భోజనం అని గుజరాతీలు సామెత చెప్పుకునే ఊరిలో, తప్పుకు కూడా తినుబండారం పేరు దొరకడం సహజమే.

మేము చెప్పిన విషయం

అటువంటి ఒక బృందం వారు మమ్మల్ని మాట్లాడమని కోరారు. గుజరాతీల నడుమ తెలుగువారము ఏమి చెబితే బాగుంటుందని ఆలోచించి, మన దేశపు లిపులు కంప్యూటరులో ఎలా నిలిచి ఉన్నాయన్న విషయాన్ని ఎన్నుకున్నాము. ఇంటివారందరికీ అర్థమయ్యే విషయమే గనుక ఇక్కడ క్లుప్తంగా మనవి చేస్తాము.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. ప్రపంచ భాషల అక్షరాలన్నింటికీ తలా ఒక సంఖ్య కేటాయించిన పట్టిక పేరు యూనికోడ్. 1991లో వెలువడిన మొదటి కూర్పులోనే మన లిపులకు అందులో చోటు లభించింది. మన దేశంలో అప్పటికే తయారై ఉన్న ‘ఇస్కీ’ ప్రమాణపు 1988 నాటి కూర్పును ఆధారంగా తీసుకుని, ఒక్కొక్క లిపికి 128 గదులు గల ఒక వీధిని ఇచ్చారు. గుజరాతీ వీధి 2688వ సంఖ్యతో మొదలవుతుంది. దాని పక్క వీధి ఒడియాది, 2816. ఆ పక్కన తమిళం, 2944. ఆ తరువాత మన తెలుగు, 3072. అన్ని వీధులలోనూ ఒకే అక్షరానికి ఒకే వరుస ఇల్లు. గుజరాతీ ‘క’ సంఖ్య 2709 అయితే, తెలుగు ‘క’ సంఖ్య 3093. రెండు లిపులలోనూ ఉన్న ఏ అక్షరాన్ని తీసుకున్నా తేడా 384. దాదాపు ప్రతి గుజరాతీ అక్షరమూ 384 కలిపితే తెలుగు అక్షరమైపోతుంది.

ఈ మాట చెప్పగానే హాలులో ఒక చిన్న కలకలం. సూరత్ మగ్గాల మీద పనిచేసేవారిలో ఒడిశా గంజాం జిల్లావారు, తెలుగువారు ఎందరో! ఊరిలో పక్కపక్కన నివసించేవారి లిపులు పట్టికలోనూ దగ్గర దగ్గర వీధులలో ఉన్నాయన్నమాట. ఆ వెంటనే, గుజరాతీలో ఉన్న ఊరి పేరును తెర మీద ఉంచి, నాలుగు సంఖ్యలకూ 384 కలిపి చూపించాము. తెలుగులో ‘సురత’ అని వచ్చింది. గుజరాతీలో చివరి అక్షరాన్ని పొల్లు గుర్తు లేకుండా రాసి, పొల్లుగా పలుకుతారు. ‘సు’కు హ్రస్వమే రాస్తారు. మనమో, రాసినది రాసినట్లే చదువుతాము. అక్షరాలను ఇవతలి వీధికి తీసుకురావడానికి కూడిక చాలును. వాటిని సరిగా పలకడానికి మాత్రం ఆ వీధి మనిషే కావాలి. ఆనాటి ప్రసంగంలో శ్రోతలు అన్నింటికంటె మెచ్చుకున్న భాగం ఇదే.

పొక్క ఉంటే పోగు లేస్తది

తేనీరు తాగుతుండగా, వెనుక వరుసలో కూర్చున్న ఒక యువకుడు మా వద్దకు వచ్చాడు.

“సార్, మీరు తెలుగోళ్ళా? మాది సిరిసిల్ల దిక్కు సార్. మా తాతనాడే ఈడికొచ్చినం,” అన్నాడు.

సూరత్ నగరపాలక సంస్థ పాఠశాలలు గుజరాతీతో పాటు హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మాధ్యమాలలో నడుస్తున్నాయి. ఈ యువకుడు ఏడవ తరగతి వరకు అటువంటి తెలుగు బడిలో చదివినవాడు. పగలు జకార్డు మగ్గాలకు డిజైన్లు కంప్యూటరు మీద తయారుచేసే దుకాణంలో పని. సాయంత్రాలు ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. ఈ సమావేశాలకు ఆరు నెలలుగా వస్తున్నాడట గాని, ఒక్కసారీ నోరు విప్పలేదట.

“అందరు ఇంగ్లీషుల అడుగుతరు సార్. నాకు రాదు. అందుకే ఇని పోత,” అన్నాడు.

సున్నా, ఒకటి అనే రెండు గుర్తులతోనే కంప్యూటరు పని అంతా నడుస్తుందని ప్రసంగంలో మేము చెప్పిన మాటను అతడు పట్టుకున్నాడు.

“గది మా ఇంట్ల ఎప్పటి సందో ఉన్నదే గద సార్! మా తాత జకార్డు అట్టలకు పొక్కలు కొట్టేటోడు. పొక్క ఉంటే పోగు లేస్తది. లేకుంటె లేవది. అంతే గద!”

అంతే మరి. ఫ్రాన్సు దేశంలో జకార్డ్ అనే నేతగాడు 1804లో తన మగ్గానికి పొక్కలు గల అట్టలను అమర్చాడు. ఆ అట్టలను చూసే ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్, 1830లలో తాను ఊహించిన లెక్కల యంత్రానికి ఆదేశాలను అదే విధంగా అందించాలని తలపోశాడు. అమెరికాలో హొలెరిత్ 1890 జనాభా లెక్కలను పొక్కలు గల అట్టల మీదనే చేయించాడు. మన సంస్థలలో పాత తరం ఉద్యోగులు కంప్యూటరు గదికి కట్టలు కట్టలుగా మోసుకువెళ్ళిన కార్డులు ఆ వంశానికి చెందినవే. ఈ చరిత్ర మేము పుస్తకాలలో చదివి తెలుసుకున్నాము. ఆ అబ్బాయి ఇంట్లో అది కులవృత్తి.

“వచ్చే సమావేశంలో ఈ మాటే అయిదు నిమిషాలు చెప్పు. నీకు వచ్చిన భాషలోనే చెప్పు,” అన్నాము. అతడు చాలాసేపు తల అడ్డంగా ఊపాడు. నిర్వాహకులైన గుజరాతీ మిత్రులను పిలిచి చెప్పగా, వారు, “హిందీలో చెప్పు భాయ్, గుజరాతీలో చెప్పు, మధ్యలో తెలుగు వచ్చినా ఫరవాలేదు,” అంటూ అతని పేరు అక్కడికక్కడే రాసుకున్నారు.

నెల తరువాత సమావేశానికి అతడు ఒక గుడ్డసంచీతో వచ్చాడు. అతని పేరు పిలిచిన తరువాత కొన్ని క్షణాలు ఎవరూ లేవలేదు. వెళ్ళిపోయాడేమోనని మేము వెనుదిరిగి చూశాము. అంతలో అతడు మెల్లగా ముందుకు వెళ్ళి, సంచీలో నుండి పాత జకార్డు అట్టలు రెండు తీసి, ప్రొజెక్టరు వెలుతురుకు అడ్డంగా పట్టుకున్నాడు. గోడ మీద వెలుగు చుక్కలు వరుసలు తీరాయి. “ఇది ప్రోగ్రాము,” అన్నాడు హిందీలో. ఒక గళ్ళ కాగితం మీద చిన్న పువ్వు గీసి, ఏ గడికి పొక్క పడుతుందో, ఏ గడికి పడదో, ఏ పోగు పైకి లేస్తుందో చూపించాడు. ఇప్పుడు తన దుకాణంలో అదే పువ్వును తెర మీద గీస్తే, అట్టలు లేకుండానే ఎలెక్ట్రానిక్ జకార్డుకు ఆదేశాలు అందుతాయని వివరించాడు. అయిదు నిమిషాలు పన్నెండు నిమిషాలైనా ఎవరూ గంట కొట్టలేదు. శ్రోతలలో మగ్గాల యజమాని కుమారుడొకడు లేచి, ఇటువంటి అట్టలు తమ ఇంటి అటకమీద తుక్కుగా పడి ఉన్నాయనీ, వాటిలో ఇంత కథ ఉన్నదని తానెరుగననీ అన్నాడు. ప్రశ్నలు వరుసగా వచ్చాయి. అన్నింటికీ అతడే బదులు చెప్పాడు.

లింబాయత్‌లో తెలుగు సభ

ఆ తరువాతి ఆదివారం అతని ప్రోద్బలంతోనే లింబాయత్‌లోని ఒక సంఘ భవనంలో తెలుగు పిల్లల కోసం ఒక సమావేశం జరిగింది. ముప్పైమంది దాకా పిల్లలు, వారి వెనుక తల్లులు, మగ్గాల షిఫ్టు దిగి వచ్చిన తండ్రులు కొందరు. బయట మగ్గాల చప్పుడు ఎడతెగకుండా వినిపిస్తూనే ఉన్నది. ఆ చప్పుడు మీదుగా గొంతు పెంచి మాట్లాడడం ఇక్కడివారికి అలవాటే.

మేము వీధులు, ఇళ్ళు అని లిపుల పట్టికను తెలుగులో వివరించాము. అతడు అట్టలు చూపించాడు. పిల్లలు వంతులవారీగా ఫోనులో తమ పేర్లను తెలుగులో కొట్టారు. ఒక బాలిక తన పేరును చూసుకుని, “అన్నా, దీన్ని మగ్గం మీద నెయ్యొస్తదా?” అని అడిగింది. “ఎందుకు రాదు?” అంటూ అతడు గళ్ళ కాగితం మీద ఆ పేరును గడి గడిగా నింపి ఇచ్చాడు. అటుపైన పిల్లలందరికీ గళ్ళ కాగితాలు కావలసివచ్చాయి.

పెద్దల ప్రశ్నలు వేరు. ఈ చదువుకు ఎంత ఖర్చు? ఇంగ్లీషు రాకుంటే ఎట్లా? ఒక తల్లి, “మగ్గం పని పిల్లలకు వద్దనే అనుకుంటున్నం అయ్యా. ఈ పనన్న నిలుస్తదా?” అని అడిగింది. ఈ ప్రశ్నకు తేలికైన సమాధానం లేదు. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చింది, అట్టలు పోయి కంప్యూటరు వచ్చింది, నేటి కంప్యూటరు పనులూ మారిపోతున్నాయి. ఏ పనీ శాశ్వతమని మేము మాట ఇవ్వలేదు. ఇంగ్లీషు అవసరమేననీ, అయితే విషయం ముందు తన భాషలో బోధపడితే ఆ ఇంగ్లీషు నేర్చుకోవడం సులువవుతుందనీ, కొత్తది నేర్చుకునే అలవాటు ఉన్నవాడికి పని మారినప్పుడు దారి దొరికే అవకాశం ఎక్కువనీ చెప్పాము. ఆమె తలూపింది గాని, పూర్తిగా సమాధానపడినట్లు తోచలేదు. కొడుకును మాత్రం వచ్చే వారమూ పంపుతానన్నది.

మన ఉద్యోగ మిత్రులకు

మన సంస్థ ఉద్యోగులు దేశమంతటా బదిలీల మీద తిరుగుతుంటారు. ఎక్కడికి వెళ్ళినా ఇటువంటి బృందం ఒకటి ఆ ఊరిలో ఉండకపోదు. అందులో మాట్లాడదలచినవారికి మా స్వల్పానుభవంతో నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

ఒక ప్రసంగానికి ఒకే విషయం చాలును. ఉదాహరణ ఆ ఊరిలో నుండే ఏరుకోవాలి. ప్రొజెక్టరు తీగ మన యంత్రానికి సరిపోతుందో లేదో అరగంట ముందే చూసుకోవాలి. కరెంటు పోయినా చెప్పగలిగేంతగా విషయం నోటికి వచ్చి ఉండాలి. ప్రశ్న అడిగినవారి మాటను అందరికీ వినిపించేలా మళ్ళీ ఒకసారి పలికి, ఆపైన బదులివ్వాలి. ప్రసంగం ముగియగానే వెళ్ళిపోకుండా తేనీటి వేళ వరకు ఉండాలి. సభలో నోరు విప్పనివారు మాట్లాడేది అప్పుడే. అట్లా మాట్లాడినవారిలో ఒకరినైనా మరుసటి సభకు వక్తగా నిలపగలిగితే, మనం చేసిన ప్రసంగం ఫలించినట్లే. చప్పట్లు ఆ పూటతో సరి. కొత్త వక్త మాత్రం మనం బదిలీ అయి వెళ్ళిన తరువాత కూడా ఆ ఊరిలో ఉంటాడు.

సూరత్ చూడదలచినవారికి చలికాలం అనువైనది. ఆ రోజులలో తపతి ఒడ్డున లేతజొన్న కంకులను కాల్చి, దులిపి, వేడిగా అమ్ముతారు. వీరు పోంక్ అంటారు, మనవైపు ఊచబియ్యమంటాము. నర్మద్ ఇల్లు, కోట చూసిన తరువాత వీలు చేసుకుని, ఏదైనా ఒక ఆదివారం సభకు కూడా వెళ్ళి రండి. లింబాయత్ సంఘ భవనంలో పిల్లల సమావేశం మేము వచ్చేసిన తరువాత కూడా జరుగుతున్నదని ఆ యువకుడు ఫోనులో చెప్పాడు. పేరును మగ్గం మీద నెయ్యొచ్చునా అని అడిగిన బాలిక, ఈ నెలలో అయిదు నిమిషాలు మాట్లాడతానని పేరు ఇచ్చిందట.